సారీ, కేబుల్ ట్రబుల్

శనివారం. పొద్దుట్నుంచీ ముసురు. అట్లాంటా వాన మనూళ్ళో వానలాగా దంచేసి పోదు కదా, సన్నగా తుంపర పడుతూనే ఉంటుంది, బట్టలూ ఆరవు మనసూ ఆరదు. సరుకులకి వెళ్దామనుకున్నది మానేసి దోసెలు పోస్తూ నిలబడ్డా. నాన్న వచ్చి రెండు నెలలైంది, ఆయనకి లేచిన దగ్గర్నుంచీ హాల్లో టీవీలో యూట్యూబ్ పెట్టి తెలుగు న్యూస్ మోగుతూ ఉండాల్సిందే. చూస్తారా అంటే చూడరు, కునికిపాట్లు పడుతుంటారు, ఆపితే మాత్రం టక్కున కళ్ళు తెరిచి "చూస్తున్నానుగా" అంటారు.

మా అమ్మాయికి సోషల్ ప్రాజెక్టు ఇచ్చారు. ఎనిమిదో క్లాసు. సివిల్ రైట్స్, అంటే ఇక్కడి నల్లవాళ్ళ హక్కుల ఉద్యమం నాటి ఫొటో ఒకటి తీసుకుని, దాన్ని మర్నాడు ఏ పేపరు ఎక్కడ వేసిందో వెతికి రాయాలట. ఈ టీచరెవరో బుర్ర ఉన్న మనిషే అనుకున్నా, మా చిన్నప్పుడు సోషల్ అంటే ఖాళీలు పూరింపుము, జతపరుచుము, అయిపోయింది.

మా అమ్మాయి ఎంచుకున్న ఫొటో 1963 మే 3న అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో తీసింది. తీసినాయన బిల్ హడ్సన్, ఏపీ ఫొటోగ్రాఫర్. "మన ఆంధ్రావాడా?" అన్నారు నాన్న సోఫాలోంచి. అసోసియేటెడ్ ప్రెస్ నాన్నా అంటే "ఓహో" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న పోలీసు ఒక నల్లజాతి కుర్రాడి స్వెట్టర్ పట్టుకుని లాగుతుంటాడు, కుక్క వాడి పొట్ట మీదికి ఎగబడుతూ ఉంటుంది, వాడు మాత్రం తల కాస్త వంచి కేక కూడా పెట్టకుండా నిలబడి ఉంటాడు. "అమ్మా, వీడు నాకంటే కొంచెం పెద్దాడేమో అంతే కదా" అంది. దోసె మాడింది. అంతకుముందు రోజే వెయ్యిమందికి పైగా స్కూలు పిల్లలు రోడ్డెక్కారు ఆ ఊళ్ళో, వందల మందిని జైల్లో పడేశారు, మర్నాడు ఇంకా వస్తుంటే పోలీసు కమిషనర్ బుల్ కానర్ కుక్కల్నీ, ఫైరింజన్ నీళ్ళ గొట్టాల్నీ వదిలాడు.

మే 4న న్యూయార్క్ టైమ్స్ ఆ ఫొటోని మొదటి పేజీలో పెద్దగా వేసింది. అది చూసి కడుపులో తిప్పిందని కెన్నెడీ అన్నాట్ట. ఆ పక్కనే బర్మింగ్‌హామ్ లోకల్ పేపరు ఏం వేసిందని వెతికితే, సొంత ఊళ్ళో సొంత వీధిలో జరిగిన గొడవని లోపలి పేజీల్లోకి తోసేశారు. వాళ్ళ ఫొటోగ్రాఫర్లు తీయలేదా అంటే శుభ్రంగా తీశారు. ఆ నెగెటివ్‌లు ఒక పెట్టెలో పడి, ఆఫీసులో సామాన్ల గదిలో దుమ్ము కొట్టుకుపోయి, ఎప్పటికో ఒక ఇంటర్న్ కుర్రాడి కంట పడితే అదే పేపరు 2006లో వేసుకుంది. అంటే నలభై ఏళ్ళ పైమాటే. ఆ ఊరివాళ్ళ గతం ఆ ఊరివాళ్ళకే అరలో పెట్టి తాళం వేశారన్నమాట.

ఇంకో కథ దొరికింది, ఇది నాకు అసలు తెలీదు. మిసిసిపీలో జాక్సన్ అనే ఊళ్ళో డబ్ల్యూఎల్‌బీటీ అని ఒక టీవీ స్టేషన్. 1955లో ఎన్‌బీసీ వాళ్ళ ప్రోగ్రాంలో థర్గూడ్ మార్షల్ మాట్లాడుతున్నాడు, నల్లపిల్లలకి వేరే బళ్ళు ఉండకూడదని సుప్రీంకోర్టులో కేసు గెలిచిన లాయరు, తర్వాత తనే సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు. ఆయన తెర మీదికి రాగానే జాక్సన్‌లో బొమ్మ పోయింది. "సారీ, కేబుల్ ట్రబుల్" అని అట్ట పెట్టారు. ఆ స్టేషన్ అందే ప్రాంతంలో సగానికి కొంచెం తక్కువ మంది నల్లవాళ్ళే, చూడండి.

ఇది చదివి వినిపిస్తే నాన్న పూర్తిగా లేచి కూర్చున్నారు. "మన దూరదర్శన్‌లో 'అంతరాయానికి చింతిస్తున్నాం' వేసేవాళ్ళే, అట్టాగా?" అని ఒకటే నవ్వు. కాసేపాగి, "మనది నిజం అంతరాయమేనా అని ఎవరం అడిగాం, యాంటెనా తిప్పుకుంటా కూర్చున్నాం" అన్నారు. నిజమే, అడగాలని తోచదు. జాక్సన్‌లో అడిగారు. ఒక చర్చి సంఘం ఆ స్టేషన్ ప్రోగ్రాములు కూర్చుని చూసి, రాసుకుని, లైసెన్స్ రెన్యూ చెయ్యొద్దని లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ దగ్గరికి వెళ్ళింది. చూసేవాళ్ళకి అసలు అడిగే హక్కే లేదన్నారు వాళ్ళు ముందు. 1966లో కోర్టు ఉందంది, 1969లో లైసెన్సే పోయింది. నాకైతే మిగతా అన్నిటికంటే ఇదే నచ్చింది కానీ మా అమ్మాయి "ఫొటో లేదుగా అమ్మా" అని కొట్టి పారేసింది.

సెల్మా గురించి మాత్రం రాసుకుంది. అదీ అలబామాలోని ఊరే. 1965 మార్చి 7, ఆదివారం, అక్కడి వంతెన మీద ఓటు హక్కు అడిగేవాళ్ళని పోలీసులు లాఠీలతో, టియర్ గ్యాస్‌తో కొట్టారు. ఇప్పట్లా లైవ్ లేదు కదా, ఫిల్ము రీళ్ళు విమానమెక్కి న్యూయార్క్ వెళ్ళాలి. ఆ రాత్రి ఏబీసీలో నాజీల విచారణ మీద సినిమా వస్తోంది, దాన్ని మధ్యలో ఆపి సెల్మా చూపించారు. 4 కోట్ల 80 లక్షల మంది చూశారంటారు. ఆగస్టుకి ఓటు హక్కు చట్టం వచ్చింది.

"వియత్నాం యుద్ధాన్ని కూడా టీవీయే ఆపిందంటారు కదా" అన్నారు నాన్న టీ తాగుతూ. నేనూ అలాగే అనుకునేదాన్ని. 1968 ఫిబ్రవరిలో పేరున్న న్యూస్ యాంకర్ వాల్టర్ క్రాంకైట్ ఇది తేలే యుద్ధం కాదని టీవీలో చెప్పేశాడు, దేశం మారిపోయింది, ఇదీ అందరూ చెప్పే కథ. కానీ 1967 అక్టోబర్ గ్యాలప్ సర్వేలోనే 47 శాతం మంది అమెరికా సైన్యాన్ని పంపడం తప్పు అన్నారు, 44 శాతం కాదన్నారు. జనం ముందే కదిలారు, శవపెట్టెలు ఇళ్ళకి వస్తుంటే కదలరా మరి. అసలు అడగాల్సింది 1964 ఆగస్టులో, వియత్నాం పక్కన టాంకిన్ సింధుశాఖలో అమెరికా ఓడల మీద రెండోసారి దాడి జరిగిందని ప్రభుత్వం చెప్పినప్పుడు. పేపర్లు చెప్పింది చెప్పినట్టు అచ్చేశాయి. అధ్యక్షుడు సైన్యాన్ని వాడుకోవచ్చన్న తీర్మానానికి అమెరికా కాంగ్రెస్ దిగువసభలో 416 ఓట్లు ఒకవైపు, అవతల సున్నా, సెనేట్‌లో వద్దన్నది ఇద్దరే. ఆ రెండో దాడి జరగనే లేదు.

మార్టిన్ లూథర్ కింగ్ సంగతే చూడండి. ఉద్యమం దక్షిణాదిలో ఉన్నంతకాలం న్యూయార్క్, వాషింగ్టన్ పేపర్లకి ఆయన మంచివాడు. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ చర్చిలో నిలబడి ఈ యుద్ధం తప్పన్నాడు, అంతే, న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ రెండూ సంపాదకీయాల్లో నీ పని నువ్వు చూసుకోవయ్యా అన్న ధోరణిలో వాయించాయి. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, చంపేశారు. ఇప్పుడాయన పేరున మాకు జనవరిలో సెలవు.

ఇదంతా పెద్ద తెలిసినదానిలా చెబుతుంటే నాన్న ఒకే ఒక్క మాటన్నారు, "కరాచీ పోర్టు గుర్తుందా?"

గుర్తులేకేం. 2025 మే 8. ఇండియాలో రాత్రి, మాకు మధ్యాహ్నం, నేను ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపేసి ఫోన్‌లో మన చానళ్ళు చూస్తున్నా. కరాచీ పోర్టు తగలబడుతోందని యాంకర్లు ఊగిపోతూ అరుస్తున్నారు, వెనకాల సైరన్ మోత, నాకు ఒళ్ళు జలదరించింది, సిగ్గు లేకుండా చెప్తున్నా, సంతోషమేసింది. మర్నాటికి అలాంటిదేమీ జరగలేదని తేలింది.

ఇందాక అందరూ పడుకున్నాక ఫ్యామిలీ గ్రూపులో పైకి పైకి వెళ్ళి చూశా. ఉంది. నేను పెట్టిందే, "కరాచీ పోర్ట్ ఫినిష్" అని, పక్కన మూడు జెండాలు. కింద పద్నాలుగు దండాలు, బాబాయి "జై హింద్ తల్లీ" అన్నాడు, నాన్నదీ ఒక బొటనవేలు ఉంది. అది తప్పని తర్వాత అక్కడ ఎవ్వరం రాయలేదు, నేనైతే మామిడికాయ పప్పు ఫొటో పెట్టా. తీసేద్దామని నొక్కి పట్టుకుంటే డిలీట్ ఫర్ మీ ఒక్కటే చూపిస్తోంది.