బిల్లు రాని చోట టిప్పు

మేము మొదటిసారి అమెరికాలో దిగిన రాత్రి డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం నుండి హోటలు వరకు మమ్మల్ని తీసుకువెళ్ళింది ఆ హోటలువారి ఉచిత షటిల్ వ్యాను. మనుషులం నలుగురం, సూట్‌కేసులు ఎనిమిది, ఒక్కొక్కటీ 23 కిలోలకు ఒక్క గ్రాము తగ్గకుండా సర్దినవి. అరవై దాటినట్టు కనిపించిన డ్రైవరు వాటన్నిటినీ తానే ఎక్కించి, హోటలు గుమ్మం ముందు మళ్ళీ ఎనిమిదింటినీ దింపి, ఒక్క క్షణం నిలబడి, గుడ్‌నైట్ చెప్పి వెళ్ళిపోయాడు. ఆ క్షణం ఎందుకు నిలబడ్డాడో నాకు తెలిసిరావడానికి నెల రోజులు పట్టింది. అప్పటికి తెలిసినా చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు, ఎందుకంటే హైదరాబాదులో డబ్బు మార్చి ఇచ్చినవారు నాకు అన్నీ వంద డాలర్ల నోట్లే ఇచ్చారు.

టిప్పు అనగానే ఇక్కడి మనవాళ్ళ మధ్య జరిగే చర్చంతా రెస్టారెంటు చుట్టూనే తిరుగుతుంది: పదిహేను శాతమా, ఇరవయ్యా, పన్నుకు ముందున్న మొత్తం మీదా, తరువాతి మొత్తం మీదా అని. అక్కడ మరచిపోయే అవకాశమే లేదు, బిల్లు మీదే గీత గీసి ఖాళీ వదులుతారు. ఈమధ్య కాఫీ దుకాణాలలో కప్పు చేతికి అందించినంత మాత్రానికే టిప్పు ఎంతని అడిగే తెర మన వైపు తిప్పి పెడుతున్నారు, వెనుక వరుసలో ఉన్నవారు చూస్తున్నారన్న మొహమాటంతో ఏదో ఒక మీట నొక్కేస్తున్నాము. రెండు క్వింటాళ్ళకు దగ్గరగా బరువు ఎత్తి దింపిన మనిషి దగ్గర మాత్రం ఏ తెరా ఉండదు, ఏ బిల్లూ రాదు. నా ఫిర్యాదు అంతా ఇదే: అడిగే యంత్రానికి ఇస్తున్నాము, అడగలేని మనిషికి ఎగవేస్తున్నాము.

"జీతం ఇవ్వవలసింది యజమాని కదా, మధ్యలో మనమెందుకు?" అని మా నాన్నగారు ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1966లో చేసిన సవరణతో ఇక్కడి కేంద్ర కార్మిక చట్టం, టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని కనీస వేతనం కంటే తక్కువ చెల్లించి, మిగిలినది టిప్పుల నుండి పూడినట్టు లెక్క చూపుకోవడానికి అనుమతించింది. అలా చెల్లించవలసిన కనీస మొత్తం 1991 నుండి గంటకు 2.13 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. సాధారణ కనీస వేతనం కూడా 2009 నుండి 7.25 డాలర్లే. టిప్పులతో ఆ 7.25 పూడకపోతే మిగతాది యజమాని ఇవ్వాలన్న నియమం ఉన్నది. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి కొన్ని రాష్ట్రాలు ఈ లెక్కను ఒప్పుకోవు, మేముండే టెక్సస్ ఒప్పుకుంటుంది. షటిల్ డ్రైవర్లందరూ 2.13 మీద పనిచేస్తారని కాదు, చాలామందికి గంట కూలి పూర్తిగానే ఉంటుంది. అయితే ఆ కూలిని నిర్ణయించేటప్పుడే టిప్పులు వస్తాయిలే అన్న ధీమా యజమాని మనసులో ఉంటుందని నా అభిప్రాయం.

ఈ చట్టంలో నాకు నచ్చిన మాట ఒకటి ఉన్నది. నెలకు 30 డాలర్లకు మించి "వాడుకగా, క్రమం తప్పకుండా" టిప్పులు అందుకునేవారే టిప్పు ఉద్యోగులని అది నిర్వచించింది. వాడుకగా వచ్చేదానికి మన దగ్గర ఏనాటి నుండో ఉన్న మాట మామూలు. పాపం, ఆ మాట లంచానికి మారుపేరై చెడిపోయింది కానీ, లేకపోతే టిప్పుకు ఇంతకంటే సరైన తెలుగు మాట లేదు. బక్షీసు, ఇనాము అన్నప్పుడు ఇచ్చేవాడు మెట్టు పైన నిలబడతాడు. మామూలు అన్నప్పుడు అది రావలసిన సొమ్ము.

ఇక ఎంత ఇవ్వాలన్న విషయం. అమెరికా హోటళ్ళ సంఘం సలహా ప్రకారం ఉచిత షటిల్ నడిపే డ్రైవరుకు మనిషికి ఒకటి రెండు డాలర్లు, కుటుంబమంతా కలిసి వెళితే నాలుగైదు డాలర్లు ఇవ్వడం పద్ధతి. సామాను ఎక్కువైతే నేను ఇంకొంత కలుపుతాను. సామాను దింపిన వెంటనే, చేతికి చెయ్యి అందినట్టుగా, మడిచిన నోటు ఇచ్చి థాంక్యూ అంటే చాలు; నోట్లు లెక్కపెడుతూ నిలబడడం ఇద్దరికీ ఇబ్బంది కాబట్టి, వ్యాను ఎక్కకముందే చొక్కా జేబులో వేరుగా పెట్టుకోవాలి. అద్దె కార్ల దగ్గరకు తిరిగే బస్సులో మన పెట్టె మనమే ఎక్కించుకున్నప్పుడు ఇవ్వనక్కరలేదు.

మనవాళ్ళు టిప్పు ఇవ్వరన్న పేరు ఇక్కడ ఉన్నదన్న మాట వినడానికి కష్టంగా ఉంటుంది. అది పిసినారితనం అని నేను అనుకోను, రూపాయల్లోకి మార్చి చూసుకునే అలవాటు అంతే. ఐదు డాలర్లంటే నాలుగు వందల పైచిలుకు రూపాయలని మనసు లెక్క కట్టగానే చెయ్యి జేబులోనే ఆగిపోతుంది. సంపాదన డాలర్లలోకి మారి పదేళ్ళయినా ఈ లెక్క మానని మిత్రులు నాకున్నారు.

హోటలులో గదులు శుభ్రం చేసేవారికి టిప్పు ఇచ్చే సంగతి మా అమ్మకు వెంటనే అర్థమైంది, "పండగకు పనిమనిషికి చీర పెట్టినట్టు" అన్నది. పూర్తిగా అలా కాదు. ఈరోజు పక్క సర్దినామె రేపు రాకపోవచ్చు, కాబట్టి వెళ్ళే రోజున ఒకేసారి కాక ఏ రోజుది ఆ రోజే పెట్టాలి, అది వారికేనని తెలిసేలా ఒక కాగితం మీద రాసి పెట్టాలి.

మన తల్లిదండ్రుల ప్రయాణాలతో బాగా ముడిపడినది వీల్‌చెయిర్ తోసేవారి విషయం. నడవగలిగినా, భాష రాక, ఎక్కడ తప్పిపోతారోనన్న భయంతో పిల్లలు ఈ సాయం కోరడం మన ఇళ్ళలో మామూలైపోయింది. అమెరికాలో విమాన సంస్థలు ఈ సేవకు ఏమీ వసూలు చేయకూడదని చట్టం ఉన్నది, కనుక ఇక్కడ కూడా బిల్లు ఉండదు. తోసేవారు చాలాచోట్ల విమాన సంస్థ మనుషులు కారు, గుత్తేదారు కింద పనిచేసేవారు. టిప్పు నోరు తెరిచి అడగకూడదన్న కట్టడి వారికి ఉంటుంది. ఇమిగ్రేషన్ వరుస దాటించి, బెల్టు మీది సూట్‌కేసులు దింపించి, మనకు ఫోను కలిపి ఇచ్చి, మనం కనిపించేదాకా మన పెద్దవారి పక్కనే నిలబడతారు. గంటన్నర పని అది. మా అమ్మ తిరుగు ప్రయాణానికి నేను ఐదు డాలర్ల నోట్లు మూడు చిన్న కవరులో పెట్టి, మారే ప్రతిచోటా ఒకటి ఇవ్వమని చెప్పి పంపాను.

ఇల్లు చేరాక ఫోను చేసింది. మధ్యలో విమానం మారిన చోట ఇద్దరు ఒకరి తరువాత ఒకరు తోసినా రెండో అతనికే ఇచ్చానని, మొదటి అతను వెనక్కి తిరిగి చూసేలోపే వెళ్ళిపోయాడని బాధపడింది. "శంషాబాదులో తోసిన పిల్లాడికి ఏమిచ్చావమ్మా?" అని అడిగాను.

"నా దగ్గర రూపాయలెక్కడివిరా, మిగిలిన డాలరు నోటే ఇచ్చాను. ఎక్కడ మార్చుకుంటాడో ఏమో."