మంగళవారం, 25 చుక్కలు

రాత్రి మంచు బాగా కురిసింది, కళ్ళాపి నీళ్ళు ఆరడానికి చాలాసేపు పట్టింది. నేల మీద నీటి మెరుపు పోయి చెమ్మ మాత్రం మిగలాలి. మెరుపు ఉండగానే వేస్తే పిండి ముద్దవుతుంది, పూర్తిగా ఆరితే గాలికి లేచిపోతుంది.

ఇవాళ్టిది మెలికల ముగ్గు. 7 చుక్కలు, సరి చుక్క 1 వచ్చే వరకు. అంటే మధ్య వరుసలో 7, పైకీ కిందికీ 5, 3, 1. మొత్తం 25. చుక్కకీ చుక్కకీ ఎడం మూడు అంగుళాలు. మూడు పాళ్ళు ముగ్గు పిండికి ఒక పాలు బియ్యప్పిండి కలిపి జల్లించుకోవాలి. ఉత్త బియ్యప్పిండైతే ఈ చలికి చెమ్మెక్కి వేళ్ళకే అంటుకుంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పట్టి, బొటనవేలిని మెల్లగా రాస్తూ వదలాలి. చెయ్యి నేలకి అంగుళం పైన ఉంటే గీత సన్నగా దిగుతుంది. ఎత్తు పెరిగితే చెదురుతుంది.

మనసు సంగతి తెలిసేది ఈ గీతలోనే. తొందరలో ఉన్న రోజు చివరి వరుసల్లో చుక్కలు దగ్గరపడతాయి. ఏదో ఆలోచన లాగితే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, పిండి మాత్రం జారుతూనే ఉంటుంది, అక్కడ శనగగింజంత ముద్ద పడుతుంది. ముగ్గు అయ్యాక ఆ ముద్దలు లెక్కపెడితే మనసు ఎన్నిసార్లు బయటికెళ్ళి వచ్చిందో తెలిసిపోతుంది. ఇవాళ 4. అందులో 3 కింది కొస దగ్గరే, ముగింపుకు వస్తున్నప్పుడు.

మెలిక తప్పడం వేరు. దాటాల్సిన చోట తిరిగితే ఆ తప్పు అక్కడ తెలియదు. నాలుగైదు చుక్కలు పోయాక, ఒక చుక్క గీత బయట ఒంటరిగా మిగిలినప్పుడు తెలుస్తుంది. అరచేత్తో తుడవకూడదు, తెల్లగా అలుక్కుపోతుంది. తడిగుడ్డ కొనతో అద్ది, తప్పిన చుక్క దాకా వెనక్కి వెళ్ళి అక్కణ్ణుంచే అందుకోవాలి. మొత్తం చెరిపేయాలన్నంత కోపం వస్తుందే, దాన్ని ఆగి చూడటం ఈ పనిలో అన్నిటికన్నా విలువైన భాగం.

"నాకు గీత రాదు" అని వెనక్కి తగ్గనక్కర్లేదు. అమెరికాలో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో 39 మంది 45 నిమిషాల పాటు మట్టి, మార్కర్లు, కాగితం ముక్కలతో తోచింది చేశారు. దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడికి సంబంధించిన హార్మోన్ కార్టిసాల్ తగ్గింది, కళలో ముందు అనుభవం లేనివాళ్ళలో కూడా. చిన్న అధ్యయనం, పోల్చి చూడటానికి వేరే బృందమూ లేదు, కాబట్టి ఇంతకుమించి చెప్పుకోకూడదు. నిద్ర పట్టక, ఏదీ చేయబుద్ధి కాక రెండు వారాలు గడిస్తే మాత్రం ముగ్గు చాలదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేయాలి.

ముగ్గుల పుస్తకంలో బొమ్మ పక్కన: 22 నిమిషాలు, ముద్దలు 4, కింది కొస. రేపు కూడా అవే 25 చుక్కలు, మొదలు మాత్రం కింది కొస నుంచి. చెయ్యి తడబడేది ఆ చోటుకా, ముగింపుకా తేలుతుంది.