డక్స్‌ఫర్డ్‌లో మా ఆటోనగర్ బావ

లండన్ వెళ్లింది మేనల్లుడి కాన్వొకేషన్ కోసం. అక్క, బావ, నేను. బావకి విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ రీబోరింగ్ షెడ్డు ఉంది. కాన్వొకేషన్ అయ్యాక టవర్ బ్రిడ్జి, ప్యాలెస్, పెద్ద గడియారం అన్నీ తిప్పారు గానీ బావ మొహంలో ఎక్కడా ఉత్సాహం లేదు, ఏది చూపించినా "ఇదంతా టీవీలో చూసిందేగా" అంటాడు. ఈయనకి కావాల్సింది కోటలు కాదు ఇంజన్లని చివరికి మేనల్లుడే కనిపెట్టి డక్స్‌ఫర్డ్ ఎయిర్ షోకి టికెట్లు తీశాడు. అక్క రానంది. "విమానాలు చూడ్డానికి విమానమెక్కి ఇంత దూరం వచ్చామా" అని, మాకు పులిహోర మాత్రం కట్టిచ్చింది.

లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కి విటిల్స్‌ఫర్డ్ పార్క్‌వేలో దిగితే డక్స్‌ఫర్డ్ దగ్గరే. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన ఎయిర్‌ఫీల్డ్ అది, ఇప్పుడు ఇంపీరియల్ వార్ మ్యూజియం చేతిలో ఉంది. మ్యూజియం అంటే తాడు కట్టి 'ముట్టుకోరాదు' అని బోర్డు పెట్టిన చోటనుకుని వెళ్లాం. తీరా చూస్తే కొన్ని హ్యాంగర్లు అచ్చంగా పని జరిగే షెడ్లే. ఎగిరే విమానాల్లో చాలావాటికి ప్రైవేటు యజమానులున్నారు. షో మొదలవకముందు విమానాలను వరసగా నిలబెట్టిన చోటికి వెళ్లి దగ్గరగా చూడొచ్చు, దానికి వేరే టికెట్. పొదుపు చేసుకోవాలనుకుంటే తిండి దగ్గర చేసుకోండి, దీని దగ్గర వద్దు.

ఆ వరసలో నీలం రంగు కోర్సేర్ కనబడగానే బావ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అమెరికా నేవీ కోసం చేసిన ఫైటర్ అది, 1940లో మొదటిసారి ఎగిరింది, 1953 దాకా తయారు చేస్తూనే ఉన్నారు, మొత్తం పన్నెండు వేల పైచిలుకు. ముందర 18 సిలిండర్ల ఇంజన్, తొమ్మిదేసి చొప్పున రెండు వరసలు, అన్నీ కలిపి 46 లీటర్లు, 2000 హార్స్‌పవర్. రెక్కలు మొదట్లో కిందికి వంగి మళ్లీ పైకి లేస్తాయి. ఎందుకలా వంచారని నేను అడిగేలోపే బావ ప్రొపెల్లర్ వైపు చెయ్యి చూపించాడు. 13 అడుగుల పైన ఉంటుంది అది, నేలకి తగలకూడదంటే చక్రాల కాళ్లు బాగా పొడుగ్గా ఉండాలి, ఓడ మీద దబ్బున దిగేటప్పుడు పొడుగు కాళ్లు విరుగుతాయి, అందుకని రెక్కనే కిందికి వంచి కాళ్లు పొట్టిగా ఉంచేశారు. బావ ఇదంతా ఎక్కడా చదవలేదు, అక్కడ నిలబడి చూసి చెప్పాడు. మేనల్లుడు ఫోన్‌లో వెతికి అవునన్నాడు.

బ్రిటిష్ నేవీ ఇవే విమానాలు తీసుకుంటే వాళ్ల ఓడల్లో హ్యాంగర్ల ఎత్తు చాల్లేదట, రెక్కలు మడిచినా పైన తగిలేవి. ఏం చేశారు? ఒక్కో రెక్క కొస నుంచి ఎనిమిది అంగుళాలు కోసేశారు. ఇది విన్నాక బావకి బ్రిటిష్ వాళ్ల మీద గౌరవం పెరిగింది.

ఇంజన్ కింద రేకు ట్రే, అందులో నల్లటి ఆయిల్ చుక్కలు. అక్కడున్న పెద్దాయన ఒకరు, చేతులకి గ్రీజు, మెకానిక్కే అని చూడగానే తెలుస్తోంది. ఇంత ఖరీదైన విమానం ఆయిల్ కారుతోందేమని మేనల్లుడు అడిగితే, కారకపోతే లోపల ఆయిల్ అయిపోయినట్టు లెక్క అని నవ్వాడు. ఇంకో ఇద్దరొచ్చి ప్రొపెల్లర్‌ని చేత్తో పట్టుకుని ఒక్కో బ్లేడూ మెల్లగా తిప్పడం మొదలుపెట్టారు. గుండ్రంగా సిలిండర్లు పేర్చిన ఇంజన్ కదా, ఆపి ఉంచితే ఆయిల్ జారి కిందవైపు సిలిండర్లలోకి చేరుతుంది. ఆయిల్ నొక్కితే నలగదు. అది చూసుకోకుండా స్టార్టర్ కొడితే పిస్టన్ వెళ్లి దానికి గుద్దుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. చేత్తో తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా తగిలిందా, బలవంతం చెయ్యకుండా ఆపేసి, ప్లగ్గులు విప్పి ఆయిల్ కార్చేస్తారు.

బావ నా వైపు తిరిగి "బుడమేరురా" అన్నాడు.

విజయవాడ వాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కార్లు, ఆటోలు, బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక జనం ఆత్రంగా తాళం తిప్పారు. తిప్పనివాళ్ల బళ్లు చాలావరకు బతికాయి, తిప్పినవాళ్లవి రాడ్లు వంగి బావ షెడ్డుకొచ్చాయి. అప్పుడు ఫోన్ చేసిన ప్రతివాడికీ "స్టార్ట్ చెయ్యొద్దు బాబూ, ముందు ప్లగ్గులు విప్పండి" అని గొంతు పోయేలా చెప్పాడు. ఇప్పుడేమో ఆ పెద్దాయనకి చేతులతోనే రాడ్ వంగినట్టు చూపించి తలూపాడు, ఆయనా తలూపాడు. తర్వాత వాళ్లిద్దరి మధ్యా మేనల్లుడి అవసరం పెద్దగా రాలేదు.

పక్కనే వైల్డ్‌క్యాట్ అనే ఇంకో నేవీ ఫైటర్, పొట్టిగా బొద్దుగా ఉంటుంది. దీని రెక్కలు పైకి కాదు, మెలి తిరిగి వెనక్కి వెళ్లి ఒంటికి ఆనుకుని మడుచుకుంటాయి. కంపెనీ యజమాని గ్రమ్మన్ ఓ రబ్బరులో పేపర్ క్లిప్పులు గుచ్చి, తిప్పి చూసి ఈ ఉపాయం కనిపెట్టాడంటారు. ఇంకో తమాషా, చక్రాలు పైకి లాగడానికి పంపూ లేదు, మోటారూ లేదు. పైలటే గాల్లోకి లేచాక ఒక చేత్తో హ్యాండిల్ ఇంచుమించు ముప్పై చుట్లు తిప్పాలి, ఇంకో చేత్తో నడపాలి. మధ్యాహ్నం అది లేచినప్పుడు గమనించాం, కాసేపు అటూ ఇటూ ఊగుతూ పోయింది. చుట్టూ ఉన్నవాళ్లు కెమెరాలు ఎత్తుకుంటే బావ మాత్రం "తిప్పుతున్నాడు, ఇంకా తిప్పుతున్నాడు" అంటున్నాడు.

నేవీ విమానాన్ని ఎగిరేలా ఉంచడం మామూలు ఫైటర్ కంటే ఎందుకు కష్టమో అక్కడ నిలబడి చూస్తే అర్థమవుతుంది. రెక్క మడత దగ్గర కీళ్లు, పిన్నులు, తాళాలు ఎక్కువ, ఓడ మీద దిగేటప్పుడు తీగని పట్టుకోవడానికి తోక దగ్గర కొక్కెం, వీటన్నిటికీ అరుగుదల. ఆపైన ఉప్పుగాలి. అల్యూమినియానికి, మెగ్నీషియం భాగాలకి ఉప్పు తగిలితే లోపల్నుంచి తినేస్తుంది, పైన రంగు బాగానే కనిపిస్తుంది. అసలు ఇవి కొన్నేళ్లు పనిచేస్తే చాలనుకుని చేసినవి. యుద్ధం అయ్యాక అమెరికాకి తిరిగివ్వాలి లేదా డబ్బు కట్టాలి అనే ఒప్పందం వల్ల బ్రిటిష్ నేవీ కోర్సేర్లను చాలావాటిని సముద్రంలోకి తోసేసింది. మిగిలినవి కొన్ని ఎక్కడెక్కడో బతికాయి. 1969లో హోండురాస్, ఎల్ సాల్వడార్ యుద్ధంలో రెండు వైపులా కోర్సేర్లే ఎగిరాయి, తర్వాత హోండురాస్ వాటిని అమెరికా వాళ్లు కొనుక్కెళ్లి బాగు చేసుకున్నారు.

ఇక్కడే తండ్రీకొడుకుల మధ్య గొడవ మొదలైంది. ఇన్ని భాగాలు మార్చాక అది పాత విమానం ఎలా అవుతుంది అని మేనల్లుడు. యోవిల్టన్‌లో నేవీ వాళ్ల మ్యూజియంలో కేడీ431 అని ఒక కోర్సేర్ ఉంది, దాని మీద తర్వాత వేసిన రంగుని కొంచెం కొంచెం గీకి కింద 1944 నాటి రంగు బయటికి తీశారు, అది అసలు చరిత్ర, కానీ అది ఎగరదు, ఎగరనివ్వరు కూడా అన్నాడు. బావ ఊరుకుంటాడా. "మన దగ్గర లారీకి బాడీ మారుస్తాం, ఇంజన్ రీబోర్ చేస్తాం, యాక్సిల్ మారుస్తాం. ఛాసిస్ నంబర్ ఉన్నంత కాలం అదే లారీ. ఆర్సీలో ఏ పేరుంటే ఆ పేరు" అన్నాడు. నాకైతే ఇద్దరివీ సబబే అనిపించాయి. గీకిన రంగు ఒకటి ఎక్కడో భద్రంగా ఉండాలి, నిజమే. కానీ ప్రొపెల్లర్‌ని ముందు చేత్తో తిప్పాలనే సంగతి గాజు పెట్టెలో పెట్టి దాచలేం, అది పని చేసేవాళ్ల చేతుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు.

ఎగరడం గురించి ఎక్కువ రాయను, యూట్యూబులో ఉంటాయి. నాలుగు విమానాలు కలిసి తల మీదుగా వెళ్లినప్పుడు పొట్టలో అదిరింది, అంతే.

భయం లేదా అంటే ఉంది. సీ విక్సెన్ అనే నేవీ జెట్, అప్పటికి ప్రపంచంలో ఎగిరేది అదొక్కటే మిగిలింది, 2017 మే 27న ఇదే డక్స్‌ఫర్డ్‌లో ప్రదర్శన ఇచ్చి యోవిల్టన్ తిరిగెళ్లేసరికి హైడ్రాలిక్స్ పోయి చక్రాలు దిగలేదు. పొట్ట మీదే దింపేశాడు పైలట్, బతికాడు. విమానం మళ్లీ ఎగరలేదు. 2015 ఆగస్టులో షోరమ్ ఎయిర్ షోలో హంటర్ జెట్ రోడ్డు మీద కూలి పదకొండు మంది పోయారు, అది నేవీ ఫైటర్ కాదు గానీ దాని తర్వాత అక్కడ ఎయిర్ షోల నిబంధనలన్నీ బిగించారు. ఈ పాత విమానాలకి మామూలు సర్టిఫికెట్ ఇవ్వరు, పర్మిట్ టు ఫ్లై అని వేరే కాగితం, తనిఖీ చేయించి పొడిగించుకుంటూ ఉండాలి. "మన లారీల ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఎఫ్‌సీ అన్నమాట" అన్నాడు బావ.

తిరిగొచ్చాక ఆటోనగర్‌లో షెడ్డు ముందు టీ తాగుతూ బావ ఈ కథ చెప్పని రోజు లేదు. లేత్ మీద పనిచేసే టర్నర్ ఒకాయన మాత్రం విని, మనవాళ్లు ఎందుకు ఎగరెయ్యట్లేదు అని అడిగాడు. వైజాగ్ బీచ్ రోడ్డులో నేవీ వాడిన పెద్ద నిఘా విమానం టీయూ-142 ఉంది, గోవాలో బోగ్‌మాలో దగ్గర నేవీ మ్యూజియంలో సీ హాక్, సీ హారియర్ అనే జెట్ ఫైటర్లు ఉన్నాయి. 1971లో విక్రాంత్ మీద నుంచి లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద బాంబులేసినవి ఆ సీ హాక్‌లే. అన్నీ నిలబడే ఉన్నాయి. ఎయిర్ ఫోర్స్ వాళ్లు టైగర్ మాత్, హార్వర్డ్, డకోటా అనే పాత విమానాలను ఎగిరేలా ఉంచుకున్నారు గానీ నేవీ ఫైటర్ ఒక్కటీ లేదు. జెట్ ఇంజన్‌కి స్పేర్లు, గాలిలో గంట ఉంచడానికి నేల మీద పట్టే పని, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నాను. "ఖర్చు సంగతి సరే, ఒకటి మనకి అప్పజెబితే కనీసం ఇంజన్ తిరిగేలా చేసి పెడతాంగా" అన్నాడు టర్నర్. బావ కూడా అవునన్నాడు. విమానం పార్టు ఎవరు పడితే వాళ్లు చెయ్యకూడదు, ఇనుము ఎక్కడి నుంచి వచ్చిందో కూడా కాగితం ఉండాలి అని చెప్పబోయి ఆగాను. టీ చల్లారిపోతోంది.

వెళ్లాలనుకునేవాళ్లకి: చెవుల్లో దూది సరిపోదు, ఇయర్ ప్లగ్స్ కొనుక్కోండి. ఎండాకాలమే అయినా జర్కిన్ ఉండాలి, ఆ మైదానంలో గాలి మామూలుగా ఉండదు. ఏయే విమానాలు వస్తాయో ముందే జాబితా పెడతారు, కానీ మబ్బు కిందికి దిగినా, అడ్డగాలి ఎక్కువైనా, పొద్దున ఇంజన్ ఏదో తేడాగా వినబడినా పాత విమానాన్ని ఆపేస్తారు. మేం వెళ్లినరోజు బేర్‌క్యాట్ అనే మరో నేవీ ఫైటర్ కోసం కాసుకు కూర్చున్నవాళ్లకి అదే జరిగింది, ఇంజన్ మీది రేకు తొడుగు విప్పి నిచ్చెనేసి ఇంజన్‌లో తల పెట్టిన ఇద్దరు సాయంత్రం దాకా కిందికి దిగలేదు. బావ షోలో సగం వాళ్లనే చూశాడు.