పెట్టపిల్లల మేత: ముందు ఎముక, ఆ తర్వాతే గుడ్డు

పెట్టపిల్ల ఎంత కోడి అవుతుందన్నది చాలావరకు తొలి 12 వారాల్లోనే తేలిపోతుంది. ఆ వ్యవధిలో దాని కాళ్లు, రొమ్ము ఎముక, నడుము భాగం కలిసిన ఎముకల చట్రం దాదాపు పూర్తి పరిమాణానికి చేరుకుంటుంది. ఆ తర్వాత ఎంత మంచి మేత వేసినా కండ, కొవ్వు చేరతాయే తప్ప చట్రం పెద్దగా పెరగదు. చిన్న చట్రంతోనే గుడ్డుకు వచ్చిన పెట్ట చిన్న గుడ్లు పెడుతుంది, గుడ్డు దిగేటప్పుడు శ్రమపడుతుంది, కొన్నిసార్లు గుడ్డుదారి బయటకు జారి ప్రాణం మీదకు వస్తుంది. జాతిని బట్టి ఒక హద్దు ఉంటుందన్నది నిజమే, బాంటమ్ అనే పొట్టి జాతి పెట్టను ఏ మేతా భారీ కోడిగా మార్చలేదు. కానీ తన జాతికి తగిన పరిమాణానికైనా పిల్ల చేరుకోవాలంటే ఈ మూడు నెలల మేతపైనే మన శ్రద్ధంతా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

తొలి 6 నుంచి 8 వారాల వరకు గుడ్ల జాతి పిల్లలకు 18 నుంచి 20 శాతం మాంసకృత్తులున్న చిక్ స్టార్టర్ దాణా కావాలి. పెరటి పెంపకంలో ఎక్కువగా జరిగే నష్టం ఇక్కడే మొదలవుతుంది. దాణా మంచిదే తెస్తారు, ప్రేమకొద్దీ దాని పక్కనే మొక్కజొన్న నూక కూడా ధారాళంగా చల్లుతారు. మొక్కజొన్నలో మాంసకృత్తులు 8, 9 శాతానికి మించవు. 20 శాతం దాణా సగం, మొక్కజొన్న సగం తిన్న పిల్లకు దక్కేది సుమారు 14 శాతమే, అంటే దాని వయసుకు కావలసినదానికన్నా బాగా తక్కువ. పైగా కోడి తనకు కావలసిన శక్తి అందేవరకే తింటుంది కాబట్టి, గింజలతో కడుపు నిండిన పిల్ల అసలు దాణాను వదిలేస్తుంది. మాంసకృత్తుల్లోని ముఖ్య భాగాలైన అమైనో ఆమ్లాల్లో లైసిన్ మొక్కజొన్నలో తక్కువ, సోయా చెక్కలో లైసిన్ బాగానే ఉన్నా మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువ. ఈ లోట్లను ఒకదానితో మరొకటి పూడ్చి, విటమిన్లు, ఖనిజాలు కలిపి తయారుచేసిన దాణాను మనం చేతులారా పలుచన చేస్తున్నామన్న మాట. మెథియోనిన్ ఈకలకు కూడా అవసరం, అందుకే లోటున్న పిల్లల్లో ఎదుగుదలతోపాటు ఈకలు కూడా సరిగా రావు.

ఆ తర్వాత 15, 16 శాతం మాంసకృత్తులున్న గ్రోవర్ దాణాకు మార్చాలి. మార్పు ఒక్కరోజులో కాకుండా, పాత దాణాలో కొత్తది కలుపుతూ వారం రోజులపాటు సాగితే పిల్లలు తిండి తగ్గించవు. ఆకుకూరలు, పురుగులు, వంటింటి మిగులు ఈ వయసులో పెట్టవచ్చు, అయితే రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకుండా, అదీ దాణా కడుపునిండా తిన్నాక సాయంత్రం పూట పెట్టడం మంచిది. ఉప్పు ఎక్కువగా ఉన్నవి, ఉడకని చిక్కుడు గింజలు, అవకాడో, చాక్లెట్ అసలు పెట్టకూడదు. గింజలు, ఆకులు తినే పిల్లకు గ్రిట్ తప్పనిసరి, ఎందుకంటే పళ్లులేని కోడికి మేత నలిగేది కందనకాయలో చేరిన ఆ సన్న రాళ్ల వల్లనే.

కాల్షియం గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. గుడ్లుపెట్టే కోళ్ల లేయర్ దాణాలో కాల్షియం 4 శాతం దాకా ఉంటుంది. ఎదిగే పిల్లకు కావలసింది 1 శాతం మాత్రమే. పెంకు తయారీ ఇంకా మొదలుకాని శరీరం ఆ అదనపు కాల్షియాన్ని మూత్రపిండాల ద్వారా బయటకు పంపలేక సతమతమవుతుంది, వారాల తరబడి అదే మేత సాగితే మూత్రపిండాలు శాశ్వతంగా దెబ్బతింటాయి, యూరిక్ ఆమ్లం ఒంట్లో పేరుకుపోయే గౌట్ జబ్బు వస్తుంది. పెద్ద కోళ్లు, పిల్లలు ఒకే చోట తిరిగే పెరట్లో వేర్వేరు దాణాలు పెట్టడం కష్టం కనుక, అన్నిటికీ గ్రోవర్ దాణానే వేసి, ఆల్చిప్పల పొడిని విడిగా ఒక గిన్నెలో ఉంచడం నా దృష్టిలో అన్నిటికన్నా సురక్షితమైన పద్ధతి. గుడ్లుపెట్టే కోడి తనకు కావలసినంత దాని దగ్గరికి వెళ్లి తింటుంది, పిల్లలు సాధారణంగా దాని జోలికి పోవు.

మేత సరిపోతున్నదా లేదా అన్నది కంటితో చూసి చెప్పడం కష్టం, ఈకలు మోసం చేస్తాయి. వారానికొకసారి అదే వేళకు తూచి రాసుకోవాలి, రొమ్ము ఎముక వెంట వేలు జరిపి చూడాలి. ఎముక కత్తి అంచులా తగిలితే కండ చాలనట్టే. మందలో ఒకటి రెండు మాత్రమే వెనకబడితే లోపం మేతలో కాకుండా తొట్టి దగ్గరి తోపులాటలో ఉండవచ్చు, అప్పుడు దూరంగా రెండో తొట్టి పెట్టాలి. నీళ్లు కూడా అంతే ముఖ్యం: కోడి తిన్న మేత బరువుకు సుమారు రెట్టింపు నీళ్లు తాగుతుంది, నీళ్లు తగ్గితే మేత కూడా తగ్గుతుంది.

మంచి మేత తింటూ కూడా ఎదగని పిల్లలో రోగాన్ని వెతకాలి. గూట్లో పరిచిన పొట్టు తడిస్తే, పేగులకు పరాన్నజీవి వల్ల వచ్చే కాక్సిడియోసిస్ రోగం త్వరగా వ్యాపిస్తుంది, ముడుచుకుని కూర్చోవడం, రెట్టలో రక్తం కనిపించడం దాని గుర్తులు. ఆలస్యం చేయకుండా పశువైద్యుని సలహా తీసుకోవాలి. బూజు పట్టిన దాణాలోని అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీసి ఎదుగుదలను ఆపేస్తుంది కాబట్టి, అలాంటి దాణాను ఎండబెట్టి వాడుకుందామనుకోకుండా పారేయడమే మేలు.

లేయర్ దాణాకు మారే సమయం జాతిని బట్టి 16 నుంచి 20 వారాల మధ్య వస్తుంది, భారీ జాతుల్లో ఇంకా ఆలస్యం కావచ్చు. తేదీ కన్నా పెట్టనే చూడటం మంచిది: తలమీది కండ జుట్టు ఎర్రబడుతుంది, మనం దగ్గరికి వెళ్తే నేలకు వంగి కూర్చుంటుంది. తొలి గుడ్డుకు సుమారు రెండు వారాల ముందు నుంచి దాని ఎముకల లోపల పెంకు కోసం కాల్షియం నిల్వ పేరుకుంటుంది, కాబట్టి ఈ గుర్తులు కనిపించగానే మార్పు మొదలుపెట్టాలి. అంతకుముందు గూట్లో దీపాలతో పగటి వెలుతురును పొడిగించకూడదు, ఎందుకంటే పెరిగే వెలుతురు చట్రం సిద్ధం కాకముందే పెట్టను గుడ్డుకు తెస్తుంది.