మెట్రాయిడ్‌ను నక్ష గీసి గట్టెక్కాను

మా పాలమూరు వైపు నాట్లు పడ్డాక సర్వే పని తగ్గిపోతుంది. మడిలో నీళ్లు నిలిస్తే కొలతలు తీసేదెట్లా? ఆ ఖాళీలోనే నేను మెట్రాయిడ్ అనే పాత వీడియో గేమ్ మొదలుపెట్టి, చివరిదాకా ఆడేశాను.

అమెరికా నుంచి వచ్చిన బావ ఒక చిన్న గేమ్ డబ్బా తెచ్చాడు. ఎన్‌ఈఎస్ అనే తన పాత గేమ్ యంత్రాన్ని అరచేతిలో పట్టేంత చేసి నింటెండో 2016లో అమ్మింది. 30 ఆటలు లోపలే ఉంటాయి. మా అక్క బిడ్డ మారియో ఆడి పక్కన పెట్టాక కంట్రోలర్ నా చేతికి వచ్చింది. దాని తీగ ఎంత పొట్టిదంటే టీవీ ముందు చాప వేసుకుని కూర్చోవాల్సిందే.

మెట్రాయిడ్ జపాన్‌లో 1986లో వచ్చింది. అంతరిక్ష దొంగలు మెట్రాయిడ్‌లనే జీవులను ఎత్తుకుపోయి జెబెస్ గ్రహం లోపల దాచారు. సామస్ ఆరన్ ఒక్కరే ఆ గుహల్లోకి దిగి వాళ్ల పని పట్టాలి. కథ అంతే. ఎటు పోవాలో, ముందు ఎవరిని కొట్టాలో ఆట ఒక్క ముక్క చెప్పదు. అప్పటి ఆటల్లో చాలావరకు కుడివైపు పరుగెత్తితే చాలు. ఇక్కడ కుడికి కొంత దూరం పోగానే మోకాలెత్తు సందు అడ్డం వస్తుంది. మొదట ఎడమకు నడిచి, ఉండలా చుట్టుకుని దొర్లే శక్తిని తెచ్చుకుంటేనే ఆ సందు దాటగలం. మొదటి అడుగులోనే ఇట్లా పరీక్ష పెట్టడం నాకు భలే నచ్చింది.

అసలు చిక్కు వేరే ఉంది. ఆటలో మ్యాప్ లేదు. మొదటి ప్రాంతమైన బ్రిన్‌స్టార్‌లో నీలిరంగు రాళ్ల సొరంగాలు ఒకదాన్ని చూస్తే ఇంకొకటి చూడక్కర్లేదు. మా కోడలు పిల్ల పక్కన కూర్చుని, "మామా, గిదంతా ఒక్కతీరే ఉంది గదా, ఎట్ల గుర్తుపడతవ్?" అంది. గుర్తుపట్టే పనే పెట్టుకోవద్దనుకున్నాను. క్లాక్ టవర్ దగ్గర స్టేషనరీ షాపులో పెద్ద గ్రాఫ్ షీట్లు కొన్నాను. తెరకు ఒక గడి. మొత్తం ప్రపంచం 32 అడ్డం, 32 నిలువు గడుల్లో పడుతుంది కాబట్టి ఒక షీటు సరిపోతుంది.

సర్వేలో ముందు కదలని రాయి ఒకటి పట్టుకోవాలి. ఇక్కడ నాకు ఆ రాయి, ఒక ప్రాంతం నుంచి ఇంకోదానికి దింపే లిఫ్టు. లిఫ్టు నుంచి ఎన్ని తెరలు నడిచాను, బావిలాంటి నిలువు దారిలో ఎన్నో తలుపు తీశాను, అంతే రాసుకుంటూ పోయాను. గోడలు ఎట్లా ఉన్నాయో పట్టించుకోలేదు. ఈ ఆటలో తెర ఒకసారికి ఒకే దిశలో కదులుతుంది, అడ్డంగానో నిలువుగానో. తలుపు దాటితే సాధారణంగా దిశ మారుతుంది. ఇది పట్టుబడ్డాక గీయడం సులువైంది. 5 మిస్సైళ్లు కొడితే తెరుచుకునే ఎర్ర తలుపులకు ఎర్ర స్కెచ్, మిగతావాటికి పెన్సిల్.

నక్ష సగం నిండాక దాని విలువ తెలిసింది. రెండు సొరంగాల నడుమ అకారణంగా నాలుగు గడులు ఖాళీ మిగిలాయి. గెట్టు పంచాయితీల్లో కొలతకూ కాగితానికీ విస్తీర్ణం కలవకపోతే భూమి ఎక్కడో ఎవరి ఒడ్డు కిందో ఉంటుంది. ఇదీ అంతే. ఖాళీ పక్కన నేల మీద ఉండచుట్టుకుని బాంబులు పెడుతూ పోతే ఒకచోట ఇటుక మాయమైంది, కింద దారి. కోడలు పిల్ల చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఎక్కడ ఖాళీ కనిపించినా చూపుడు వేలు పెట్టి "గీడ, గీడ" అనడం దాని పనైపోయింది.

విసుగు తెప్పించేది మాత్రం చచ్చి మళ్లీ బతకడం. శక్తిని పెంచే ఎనర్జీ ట్యాంకులు ఎన్ని సంపాదించినా చచ్చి లేస్తే చేతిలో 30 శక్తే ఉంటుంది. గొట్టాల్లోంచి పురుగులు ఎగిరివచ్చే చోట నిలబడి, ఒక్కొక్కదాన్ని కాల్చి, అవి రాల్చే ఉండలు ఏరుకోవాలి. ఇంత పాత ఆటను ఎంత మెచ్చుకున్నా ఈ ఒక్కటి సమర్థించలేను. పాస్‌వర్డ్ సంగతి సరేసరి. 24 అక్షరాలు, పెద్దవీ చిన్నవీ అంకెలూ కలిపి. జపాన్‌లో డిస్క్ మీద వచ్చింది కనుక అక్కడ ఆట సేవ్ అయ్యేది, క్యాట్రిడ్జ్‌కు మార్చినప్పుడు పాస్‌వర్డ్ తగిలించారు. ఈ చిన్న డబ్బాలో ఆటను ఎక్కడైనా ఆపి దాచుకునే సౌకర్యం ఉంది. కరెంటు పోయే మన ఊళ్లకు అది వరం, నేను మొహమాటం లేకుండా వాడుకున్నాను.

ఐస్ బీమ్ అనే ఆయుధం దొరికాక ఆట తీరే మారింది. ఎగిరే పురుగును గాలిలోనే గడ్డకట్టించి, దాని మీద కాలు పెట్టి పైకి ఎక్కొచ్చు. నార్‌ఫెయిర్ అనే ప్రాంతంలో వేవ్ బీమ్ కూడా ఉంది, గోడల్లోంచి దూసుకుపోతుంది. కానీ ఒకటి తీసుకుంటే రెండోది పోతుంది. చివరి చోటికి ఐస్ బీమ్ తప్పనిసరి కాబట్టి ఆశపడి వేవ్ పట్టుకున్నవాళ్లు మళ్లీ వెనక్కి నడవాల్సిందే. ఆటలో క్రెయిడ్, రిడ్లీ అని ఇద్దరు పెద్ద శత్రువులు. క్రెయిడ్ గుహలో నకిలీ క్రెయిడ్ ఒకడు అడ్డం తగులుతాడు. వాడు చచ్చాక సంబరపడకండి, అసలువాడు ఇంకా లోపలే ఉంటాడు. క్రెయిడ్‌నూ రిడ్లీనీ చంపితే ఒక్కొక్కరికి 75 మిస్సైళ్లు కలుస్తాయి. ఆ ఇద్దరి విగ్రహాలను కాలిస్తే చివరి ప్రాంతమైన టూరియన్‌కు వంతెన లేస్తుంది.

టూరియన్‌లో మెట్రాయిడ్‌లు నెత్తికి అతుక్కుని శక్తిని పీల్చేస్తాయి. అతుక్కుంటే ఉండచుట్టుకుని బాంబు పెట్టాలి. దూరంగా ఉండగానే గడ్డకట్టించి 5 మిస్సైళ్లు కొట్టడం మేలు. ఆఖరి శత్రువు మదర్ బ్రెయిన్ గదిలో నాకు చేతులు చెమటలు పట్టాయి. ఎగిరే వలయాలు, తుపాకులు, కింద మరిగే ద్రవం. దాని చుట్టూ ఉన్న గాజు పగిలాక కూడా నిలబడి మిస్సైళ్లు దించుతూనే ఉండాలి. అది చావగానే బయటపడమని 999 నుంచి కౌంట్‌డౌన్ మొదలు. పైకి ఎక్కే మెట్లు చిన్నవి, తొందరపడితే జారి కింద పడతాం. టెన్షన్‌లో మా అక్క కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

సామస్ ఆడమనిషి. ఆ రోజుల్లో ఇంగ్లీషు మాన్యువల్‌లో మగవాడిలాగే రాశారు, చివర్లో త్వరగా ముగించినవాళ్లకే అసలు రూపం కనిపిస్తుంది. 5 గంటల లోపు అయితే హెల్మెట్ తీస్తుంది. నేను గడిగడికీ ఆగి గీసుకున్నవాణ్ణి కదా, నాకు హెల్మెట్ కూడా తీయలేదు. "నేను తీపిస్త మామా" అని కోడలు పిల్ల నా షీటు గుంజుకుని, ఎనర్జీ ట్యాంకులన్నిటికీ పచ్చ స్కెచ్‌తో గుర్తులు పెట్టి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఇప్పుడు క్రెయిడ్ దాకా వచ్చింది.