మిషన్ సొరుగులో గోలీలు

మా మిర్యాలగూడలో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "ఎర్రగడ్డకు తీస్కపోవాలె" అంటారు, అంటే హైదరాబాద్ పిచ్చాసుపత్రికి. నేనూ అన్నదాన్నే. అందుకే నల్గొండలో మానసిక వైద్యుడు రాసిచ్చిన గోలీలను కుట్టు మిషన్ సొరుగులో, దారం రీళ్ల కింద దాచుకున్నాను. మా ఆయనకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాను.

2021లో కరోనాతో తమ్ముడు పోయాక మొదలైంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. గుండె దడదడ కొట్టుకునేది, చేతులు చల్లబడేవి, ఊపిరి అందేది కాదు. ముందు గుండె డాక్టర్ల దగ్గరికే తిరిగాం. ఈసీజీ, టూడీ ఎకో అన్నీ నార్మల్. "గుండె గట్టిగానే ఉందమ్మా, ఇది పానిక్" అన్నారు. మా అత్తమ్మ మాటల్లో అయితే మనాది. నల్గొండ మానసిక వైద్యుడు దానికి ఎస్సిటలోప్రామ్ అనే గోలీ 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తర్వాత 20 చేశాడు. నెలన్నర తిరిగేసరికి నిద్రపట్టింది, మళ్లీ జాకెట్లు కుట్టాను. ఆ మందును ఇవాళ్టికీ తిట్టను.

2024 మే నెల. పెళ్లికి పోయొచ్చిన రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. బయట ఎండ నిప్పులు కక్కుతోంది, ఒంట్లో నీరు నిలవడం లేదు. రెండో రోజు ఆర్‌ఎంపీని ఇంటికి పిలిపించారు. ఆయన అడగాల్సింది అడిగాడు. "ఇంకేమన్న గోలీలు ఏసుకుంటున్నవా అమ్మా?"

అత్తమ్మ పక్కనే నిలబడి గ్లాసులో ఓఆర్‌ఎస్ కలుపుతోంది.

"గ్యాస్ గోలీ ఒక్కటే" అన్నాను.

వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్ సూది వేసి, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ గోలీలు ఇచ్చి పోయాడు. మరునాడు పొద్దున నల్లా దగ్గర బిందె పెడుతున్నదాన్ని అక్కడే కూలిపోయాను. పానిక్ వచ్చినప్పుడల్లా పడిపోతానేమో అని వణికేదాన్ని, ఒక్కసారీ పడలేదు. ఆ రోజు ఏమీ అనిపించలేదు. కళ్లు తెరిచేసరికి మొహం మీద నీళ్లు, చుట్టూ వాడకట్టంతా.

"మళ్ల టెన్షన్ పెట్టుకున్నవా?" అని మా ఆయన కసురుకున్నాడు. తప్పు ఆయనది కాదు. మూడేళ్లుగా నా గుండె గురించి మా ఇంట్లో అందరికీ తెలిసిన జవాబు అదొక్కటే. ఆటోలో మళ్లీ ఒకసారి స్పృహ తప్పడంతో భయపడి కారు మాట్లాడి నల్గొండ తీసుకెళ్లాడు.

అక్కడ ఈసీజీ కాగితం చూసిన డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఏమేం మందులు వాడుతుందో అన్నీ చెప్పండి, ఒక్కటి కూడా దాచొద్దు" అంది. మా ఆయన చెప్పేశాడు, అత్తమ్మ ముందే.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ మళ్లీ కొట్టుకోవడానికి లోపలి కరెంటు సర్దుకోవాలట. అందుకు పట్టే సమయం ఈసీజీలో క్యూటీ అనే కొలతలో తెలుస్తుంది. ఆడవాళ్లకు 460 మిల్లీసెకన్ల లోపు ఉండాలి, 500 దాటితే ప్రమాదం. నాది 524. అంత సాగినప్పుడు గుండె ఉన్నట్టుండి లయ తప్పి అల్లల్లాడుతుంది, మెదడుకు రక్తం అందదు, మనిషి పడిపోతాడు. ప్రాణం కూడా పోవచ్చు.

ఎస్సిటలోప్రామ్ క్యూటీని కొంచెం పెంచుతుంది. ఆన్‌డాన్‌సెట్రాన్, అజిత్రోమైసిన్ కూడా అంతే. విరేచనాలతో నా రక్తంలో పొటాషియం 2.7కి పడిపోయింది, 3.5కు తగ్గకూడదు. వీటన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది గ్యాస్ గోలీ. రెండేళ్లుగా చాయ్ తాగినట్టు రోజూ మింగుతున్న ఒమెప్రజోల్, ఎస్సిటలోప్రామ్‌ను ఒంట్లోంచి తొందరగా పోనివ్వదట. అంటే నేను మింగింది 20 అయినా రక్తంలో అంతకంటే ఎక్కువే తిరుగుతోందన్నమాట. ఆర్‌ఎంపీకి నిజం చెప్పానని సంబరపడ్డ ఆ ఒక్క గోలీ కూడా ఇందులో భాగమే.

మెగ్నీషియం, పొటాషియం ఎక్కించి మూడు రోజులు మానిటర్ కింద ఉంచారు. 2021 నాటి ఈసీజీ కావాలంటే మా ఆయన మిర్యాలగూడ పోయి వెతికి తెచ్చాడు. అందులో 428 ఉంది. పుట్టుకతో వచ్చిన జబ్బు కాకపోవచ్చని డాక్టరమ్మ అప్పుడు కాస్త నెమ్మదించింది.

ఎస్సిటలోప్రామ్‌ను ఒక్కసారిగా ఆపాల్సి వచ్చింది. మామూలుగా అలా ఆపకూడదు, మెల్లమెల్లగా తగ్గించాలి. వారం రోజులు తల తిప్పితే చాలు, లోపల కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమనేది. ఊరికే ఏడుపొచ్చేది. క్యూటీ దిగాక మానసిక వైద్యుడు, గుండె డాక్టరమ్మ ఫోన్లో మాట్లాడుకుని దాని బదులు సెర్‌ట్రలిన్ అనే మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. దానికి క్యూటీని పెంచే గుణం తక్కువట. రెండు వారాలకు, నెలకు ఈసీజీ తీశారు. 436కి వచ్చింది.

ఇంటికొచ్చిన రోజు అత్తమ్మ మొహం చూడలేకపోయాను. ఆమే కదిలించింది. "మిషన్‌ల నూనె డబ్బ కోసం సొరుగు తీసినప్పుడల్లా సూస్తనే ఉన్న బిడ్డా. బీపీ గోలీలేమో అనుకున్న."

ఇప్పుడవి వంటింటి కిటికీలో, ఉప్పు డబ్బా పక్కన ఉంటాయి. మా అమ్మాయి అన్ని మందుల పేర్లూ రాసిన కాగితం నా పర్సులో ఉంటుంది. రాత్రి తొమ్మిదైతే అత్తమ్మ వాకిట్లోంచే, పక్కింటామె కూర్చుని ఉన్నా సరే, "గోలీ ఏసుకున్నవా?" అని గట్టిగా కేకేస్తుంది. "ఆఁ" అంటాను. అన్నాక, పక్కింటామె ఏ గోలీ అని అడుగుతుందేమోనని ఒక నిమిషం చెవులు రిక్కించి వింటాను.