పది రోజుల కాపలా

ఆ రోజు పొద్దున మా అత్తమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు. పిల్లి పిల్లలను ఆపరేషన్‌కు తీసుకెళ్లడానికి నేను బుట్టలు సర్దుతుంటే గడపలో నిలబడి, "ఆడజీవాలను గొడ్రాళ్లను చేస్తున్నవ్, పాపం తగలదా?" అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయింది. జనవరి చివరి వారం. బయట ఇంకా చీకటి, మంచు. నేను జవాబు చెప్పలేదు. కానీ కారు నార్కట్‌పల్లి దాటేదాకా ఆ మాటే చెవిలో తిరిగింది.

మాది నల్లగొండ, రామగిరి. ఇంటి వెనక కట్టెలు పేర్చుకునే రేకుల కింద ఒక తల్లి పిల్లి ఏడాదిన్నరగా ఈనుతోంది. మొదటి ఈతలో నాలుగు, రెండో ఈతలో మూడు. ఆ ఏడింటిలో ఒక్కటీ మిగల్లేదు. రెండింటిని కుక్కలు పట్టాయి. ఒకటి రోడ్డు మీద పోయింది. మిగతా నాలుగు వాంతులు, విరేచనాలతో ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాయి. చివరిదాన్ని కొంగులో పెట్టుకుని కూర్చున్నాను, నా ఒళ్లోనే ప్రాణం వదిలింది. పిల్లి చూలు 63 నుంచి 65 రోజులే. పిల్లలు పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ చూలు కట్టగలదు. ఆడపిల్ల నాలుగో నెలకే ఎదకు రావచ్చు. అందుకే సెప్టెంబర్‌లో పుట్టిన మూడో ఈత పిల్లలు బతికి బట్టకట్టాక, వాటికి టీకాలు వేయించి, ఇక ఆగదలుచుకోలేదు.

నుదుటి మీద తెల్ల చుక్క ఉన్నది బొట్టు. కాళ్లకు అడ్డం పడుతూ తిరిగేది చిట్టి. ఈ రెండూ ఆడవి. నల్లోడు మగ. మూడూ రెండు కిలోల లోపే.

మొదట మా దగ్గర్లోని పశువుల దవాఖానలో అడిగాను. అక్కడికి వచ్చేవన్నీ బర్రెలు, గొర్రెలు, లేగదూడలు. డాక్టరు దాపరికం లేకుండా చెప్పారు: "ఇంత చిన్న జీవానికి మత్తు ఇచ్చి కడుపు కోసే ఏర్పాటు నా దగ్గర లేదమ్మా. హైదరాబాద్ తీసుకుపోండి." దాదాపు వంద కిలోమీటర్లు. మా ఆయన స్నేహితుడి కారు అడిగి తెచ్చారు. హైదరాబాద్ డాక్టరమ్మ ఫోన్‌లోనే ఒక మాట గట్టిగా చెప్పింది: పెద్ద పిల్లులను ఉంచినట్టు చిన్నవాటిని రాత్రంతా పస్తు ఉంచకూడదు, ఒంట్లో చక్కెర పడిపోతుంది, ఆపరేషన్‌కు నాలుగు గంటల ముందు కొంచెం తినిపించండి అని. తెల్లవారుజామున లేచి ఉడికించిన కోడిమాంసం తలా రెండు ముక్కలు పెట్టాను.

మధ్యాహ్నం లోపలికి పిలిచారు. బొట్టును చూసి నా గుండె ఆగినంత పనైంది. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. నాలుక కొన బయటికి వచ్చి పళ్ల మధ్య ఎండిపోయి ఉంది. పోయిందనుకున్నాను. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని దాని పక్కటెముకల మీద పెట్టింది. వేళ్ల కింద చిన్నగా లేస్తోంది, పడుతోంది. ఈ మత్తులో పిల్లులు కళ్లు మూయవట, కనుగుడ్డు ఎండిపోకుండా మందు పూశారు. కడుపు మీద బొచ్చు గీసేశారు. గులాబీ రంగు చర్మం మీద వేలి గోరంత గీత, దాని మీద నాలుగు నల్లటి దారపు ముడులు. లోపలి పొరలకు కరిగిపోయే దారం, పైకుట్లు మాత్రం పదో రోజుకు తీయాలి. నల్లోడికి కుట్లే లేవు, ఆ చిన్న గాట్లు వాటంతట అవే మూసుకుంటాయి. వాకిట్లో తిరిగే పిల్లులు కాబట్టి, రేపు ఎవరైనా పట్టుకుని మళ్లీ కోయకుండా, గుర్తుగా చెవి కొన కొంచెం కత్తిరించారు.

చెప్పిన జాగ్రత్తలన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పది రోజులు గెంతకూడదు, ఎక్కకూడదు, కుట్లు నాకకూడదు. స్నానం వద్దు. నొప్పికి ఇచ్చిన చుక్కల మందు రోజుకు ఒకసారి, మూడు రోజులే, చెప్పిన కొలత దాటకుండా. నల్లోడిని నెల దాటేదాకా ఆడపిల్లులతో కలవనివ్వద్దు, కోసిన వెంటనే వాడి వల్ల చూలు రావడం ఆగదు. ఇక పారాసెటమాల్ పేరు కిందైతే ఆమే పెన్ను తీసుకుని రెండు గీతలు గీసింది. మనకు జ్వరానికి వేసుకునే గోలీయే పిల్లికి విషం. దాని కాలేయం ఆ మందును విరవలేదు, రక్తం ప్రాణవాయువును మోయలేకుండా అవుతుంది. ఈ సంగతి ఇక్కడ రాయడానికి కారణం ఉంది. రెండో రోజే మా పక్కింటామె ప్రేమగా అరగోలీ పట్టుకుని వచ్చింది.

తిరుగుదారిలో చౌటుప్పల్ దగ్గర చిట్టి వాంతి చేసుకుంది. కారు ఆపి, తల పక్కకు వాల్చి, నోరు తుడిచాను. మత్తు దిగేటప్పుడు ఒళ్లు చల్లబడుతుందని చెప్పారు కాబట్టి, దారిలో హోటల్లో వేడినీళ్లు అడిగి సీసాలో పోయించి, పాత చీరముక్క చుట్టి వాటి మధ్య పెట్టాను. సీసా నేరుగా తగిలితే చర్మం కాలుతుంది, ఆ స్థితిలో పక్కకు జరగడం కూడా వాటికి చేతకాదు.

ఆ రాత్రి నడిమి అర్రలో మంచాలు, కుర్చీలు అన్నీ తీసేసి నేల మీద చెద్దర్లు పరిచాను. నల్లోడు ముందు లేచాడు. నాలుగడుగులు వేసి పక్కకు ఒరిగిపోతాడు, తల ఊగుతుంది, మళ్లీ లేస్తాడు. కళ్ల మూలల నుంచి తెల్లటి పొర సగం దాకా వచ్చి ఉంది. గోడ పట్టుకుని సజ్జ మీదికి ఎగరబోతే పట్టుకుని పండ్లు తెచ్చే పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మరొకటి. ఒకే పొట్టలో పుట్టి, ఒకదాని మీద ఒకటి పడుకునే ఆ మూడూ ఒకదాన్ని చూసి ఒకటి బుసకొట్టాయి. దవాఖాన వాసనకు గుర్తుపట్టలేదు. తెల్లారి అత్తమ్మ ఏమీ మాట్లాడకుండా కట్టెల కింద అవి పడుకునే గోనెపట్టా తెచ్చి, దాంతో మూడింటి వీపులూ మెల్లగా రుద్ది, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. సాయంత్రానికి బుసలు తగ్గాయి.

మొదటి మూడు రోజులు నోట్‌బుక్ చూసుకుంటూ గడిచాయి. ఇసుక కుట్లకు అంటుకుంటుందని దొడ్డికి పాత పేపర్లు చింపి వేశాను. మూడు రోజులు చిట్టి దొడ్డికి పోకపోతే టెన్షన్ పడ్డాను, మత్తు తర్వాత అలా ఆలస్యం అవుతుందని ఫోన్‌లో చెప్పారు. ఫినాయిల్‌తో తుడవడం ఆపేశాను, అదీ పిల్లులకు పడదు. నల్లోడు నాలుగో రోజుకే ఏమీ జరగనట్టు తిరిగాడు.

అయిదో రోజు తప్పు నాదే.

కుట్లు నాకకుండా మెడకు వేసిన ప్లాస్టిక్ గొట్టంతో బొట్టు నీళ్లు తాగలేక గిన్నె అంచుకు గుద్దుకుంటోంది. జాలేసి, తాగేదాకా అని విప్పాను. వాకిట్లో బట్టలు ఆరేసి వచ్చేసరికి పది నిమిషాలు పట్టి ఉంటుంది. అది మూలన కూర్చుని, వెనక కాలు పైకెత్తి, తల కడుపులోకి దూర్చి పళ్లతో లాగుతోంది. చూస్తే నాలుగు ముడుల్లో రెండు లేవు. గీత కింది వైపు వడ్లగింజంత విచ్చుకుని, తడిగా, ఎర్రగా మెరుస్తోంది. నా చేతులు వణికాయి. ఫోటో తీసి పంపాలన్నా కెమెరా నిలవలేదు.

అత్తమ్మ వచ్చి చూసింది. నేను పసుపు పెడుతుందేమోనని భయపడి, "వద్దు అత్తమ్మా, ఏం పెట్టొద్దన్నరు" అన్నాను.

"నేనేం పెడ్తలేను బిడ్డా. నువ్వు పట్టుకో, నేను చూస్త" అని దాని తలను తన అరచేతిలో పెట్టుకుంది. కొంచెం సేపటికి దాన్ని చూస్తూనే అంది: "నాకూ గిట్లనే విచ్చుకున్నది."

పెళ్లయి ఇన్నేళ్లలో ఆమె ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. మా ఆయన పుట్టాక, ఇక పిల్లలు కాకుండా క్యాంపులో ఆపరేషన్ చేయించుకుందట. ఎనిమిదో రోజు ఆముదం గెలలు కోయడానికి చేనుకు పంపారు. మునుగోడు వైపు అప్పట్లో ఆముదాలే పంట. గంప నెత్తికెత్తుకున్నప్పుడు కుట్టు తెగింది, చీము పట్టింది, నెలరోజులు మంచం పట్టింది. "పండుమని ఎవరన్న చెప్తే గద. బరువు ఎత్తొద్దని గూడ నాకు తెల్వదు" అంది. ఇన్నాళ్లు ఆమె కోపం పిల్లుల మీద చూపిన పాపభయమే అనుకున్నాను. ఆ కోతకు ఆమె ఎంత భయపడి ఉందో అప్పుడు తెలిసింది.

హైదరాబాద్ డాక్టరమ్మ ఫోటో చూసి, లోపలి కుట్టు నిలిచింది, కానీ ఈ రోజే ఎవరైనా చేత్తో చూడాలి అంది. మళ్లీ మా పశువుల దవాఖానకే పరిగెత్తాను. ఆ డాక్టరు ఆమెతో ఫోన్‌లో మాట్లాడి, సెలైన్‌తో కడిగి, చర్మం మొద్దుబార్చి ఒక కుట్టు వేశారు, ఇంజక్షన్ ఇచ్చారు. దూడలకు కుట్లు వేసే ఆ పెద్ద చేతులు బొట్టు కడుపు మీద ఎంత మెత్తగా కదిలాయో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ మా బాబు పాత బనీను చేయి భాగం కత్తిరించి, నాలుగు కాళ్లకు నాలుగు రంధ్రాలు చేసి, వీపు మీద కట్టుకోవడానికి నాడాలు కుట్టి సిద్ధంగా ఉంచింది. బాలింతకు నడికట్టు కట్టినట్టు మరీ బిగువు కాకుండా, వదులు కాకుండా, రెండు వేళ్లు దూర్చి చూసి ముడి వేసింది. తోక కింద జాగా వదిలింది. బొట్టు మొదట కట్టెలా పక్కకు పడిపోయింది, కాసేపటికి లేచి నడిచింది. ప్లాస్టిక్ గొట్టం మళ్లీ అవసరం పడలేదు.

ఆ రాత్రి నుంచి కాపలా ఇద్దరం పంచుకున్నాం. నేను బడికి వెళ్లాలని తెల్లవారుజాము వంతు ఆమే తీసుకుంది. రోజూ రెండు పూటలా వెలుతురులో బనీను విప్పి చూసేవాళ్లం: ఎరుపు పెరిగిందా, వాపు ఉందా, చీము వాసన వస్తోందా, తింటోందా. ఏడో రోజు చిట్టి కుట్టు కింద చింతగింజంత బుడిపె కనిపిస్తే నేను హడలిపోయాను. మెత్తగా ఉంది, వేడి లేదు, తిండి మానలేదు. ఎక్కువ గెంతడం వల్ల నీరు చేరిందని, దానంతట అదే ఇంకిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. అలాగే ఇంకిపోయింది.

పదో రోజు చిట్టివి, పదిహేనో రోజు బొట్టువి కుట్లు తీశారు. బొట్టు కడుపు మీద అప్పటికే దుమ్ములాంటి సన్న బొచ్చు మొలుస్తోంది. ఇంటికి తెచ్చి తలుపు తీస్తే గడప మీద ఆగి, గాలి వాసన చూసి, ఒక్క గెంతులో కట్టెల మీదికి ఎక్కింది. అలవాటుకొద్దీ నా చేయి ముందుకు పోయింది. అత్తమ్మ ఆపింది.

ఇక తల్లి పిల్లి మిగిలింది. పాలు ఎండిపోయాయి, చూలు ఉన్నట్టు లేదు. వచ్చే ఆదివారం బోను పెట్టి పట్టాలి. నిన్న బడి నుంచి వచ్చేసరికి అత్తమ్మ అరుగు మీద కూర్చుని మా ఆయన బనీను కత్తిరిస్తోంది.

"దానికి పొట్ట పెద్దది. పిల్లగానిది సరిపోదు" అంది, దారం పళ్లతో తెంపుతూ.